బతికున్నవాడి కొలత

ఆ యుద్ధనౌక మీద తెరచాప అన్నదే లేదు. రెండు పొగగొట్టాలు, రెండు ఇనుప స్తంభాలు, ఎటు చూసినా ఫిరంగులు, ఎక్కడ చెయ్యి ఆనించినా బొగ్గుమసి. అయినా ఓడ సిబ్బందిలో తెరచాపలు కుట్టే ఉద్యోగం ఒకటి మిగిలి ఉంది. దానిని కొట్టివేయాలని పైవారికెవరికీ తోచకపోవడం వల్ల మిగిలిన ఉద్యోగం అది. అందులో ఉన్నవాడు అవెర్కీ కొనేవ్.

"ఏరా అవెర్కీ, ఇవాళ గాలి ఎటు? చాప ఎత్తమంటావా?" అని కళాసీలు వెక్కిరించేవారు.

"ముందు మీరు నోళ్ళు మూయండి. గాలంతా అక్కణ్ణుంచే వస్తోంది," అని అతను దబ్బనం ఆపకుండానే జవాబిచ్చేవాడు.

అది నవ్వులాట సాగిన రోజులలోని మాట. మడగాస్కరు పక్కన నోసీ బే రేవులో నౌకాదళం లంగరు దించిన కొంతకాలానికి ఆ వెక్కిరింత ఆగిపోయింది. తనను వెక్కిరించేవాడొకడు ఉండడం మనిషికి ఎంత ఆసరాయో అవెర్కీకి అప్పటివరకు తెలియదు.

అతను రష్యాకు ఉత్తరాన, శ్వేత సముద్రపు ఒడ్డున, చేపలు పట్టి బతికే ఊరిలో పుట్టినవాడు. అక్కడ మగవాళ్ళు వేటకు పోతారు. తెరచాపలు ఆడవాళ్ళు కుడతారు. చలికాలంలో పెద్ద గదిలో నేలంతా గుడ్డ పరచుకొని, ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు కూర్చుని, కొలతలను గొంతెత్తి చెప్పుకొంటారు. "నాలుగు మూరలు!" అని అవెర్కీ తల్లి కేక వేస్తే, "నాలుగు, పైన బెత్తెడు!" అని మేనత్త అందుకొనేది. అవెర్కీకి మాటలూ లెక్కలూ కలిసే వచ్చాయి. నోటితో అనకుండా కొలవడం అతనికి చేతకాదు. పైకి అన్న కొలత తప్పదని ఆ ఊరి ఆడవాళ్ళ నమ్మకం. మనసులో పెట్టుకొన్న కొలత జారిపోతుందట.

సైన్యానికి పట్టుకొన్నప్పుడు అతని చేతిపని చూసి నౌకలోకి తీసుకొన్నారు. కొలువు ముగిసి ఇంటికి పోవలసిన ఏడాదే జపానుతో యుద్ధం వచ్చింది. రష్యాకు తూర్పు కొసన ఉన్న రేవును శత్రువు ముట్టడించాడు. దానిని విడిపించడానికి బాల్టిక్ సముద్రంలోని ఓడలన్నీ కదిలాయి. ఆఫ్రికా చుట్టూ తిరిగి, సగం లోకం దాటి పోవాలి. అవెర్కీ ఆ మందలో ఒకడు. మడగాస్కరు చేరేసరికి తెలిసిన కబురు ఏమంటే, ఏ రేవును కాపాడడానికి బయలుదేరారో అది అప్పటికే శత్రువు చేతికి చిక్కిందని. ఇక ముందుకు పోవాలా, వెనక్కు మళ్ళాలా అన్నది పైనుంచి తేలేవరకు ఆ ఎండలో పడి ఉండడమే పని అయింది.

తెరచాపలు లేకపోయినా అవెర్కీకి చేతినిండా కుట్టు ఉండేది. జర్మను ఓడలు బొగ్గు తెచ్చేవి. ఆ బొగ్గును బస్తాలకెత్తి తమ ఓడలోకి చేరవేయాలి. కొట్టులు నిండాక పడకగదులలో, స్నానపు గదిలో, చివరకు ఫిరంగుల సందులలో కూడా పోశారు. బస్తాలు రోజూ చిరిగేవి. ఎండకు అడ్డంగా కట్టే పందిరిగుడ్డలు కుళ్ళిపోయేవి. కళాసీలు పడుకొనే ఊయల పడకలు, వాళ్ళ భాషలో జోలెలు, తెగిపోయేవి. ఇవన్నీ కాక మరొక పని ఉంది. ఆ వేడికి, జ్వరానికి, రక్తవిరేచనాలకు మనుషులు పోతున్నారు. పోయినవాణ్ణి మందపు గుడ్డలో పెట్టి, మునగడానికి బరువుగా పాదాల దగ్గర పొయ్యి ఇనుపకడ్డీ ఉంచి, తలవరకు కుట్టి సముద్రానికి అప్పగించాలి. ఆ కుట్టు కూడా అవెర్కీదే. అందుకు అతణ్ణి ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఎవరో ఒకరు చేయవలసిన పని. వీడు శుభ్రంగా చేస్తున్నాడనే అనుకొనేవారు.

ఫోకా సంగతి వచ్చేవరకు అంతే.

ఫోకా బాయిలరు దగ్గర బొగ్గు వేసేవాడు. భారీ మనిషి, ద్వారాలన్నిటికీ తల కొట్టుకొనేవాడు. ఒక ఉదయం తెగిన జోలెను భుజాన వేసుకొని వచ్చాడు.

"అవెర్కీ అన్నా, దీని గతి చూడు. నిద్దట్లో తెగి కిందోడి మీద పడ్డాను. వాడు దొరగారే వచ్చి తన్నారనుకుని లేచి సలాం చేశాడు!"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. అవెర్కీ కూడా నవ్వి, ఫోకాను నిలబెట్టి, తలనుంచి పాదం వరకు కళ్ళతో కొలిచి, అలవాటు కొద్దీ గొంతెత్తి అన్నాడు: "అయిదు మూరలు! అడుగున మడతకి ఇంకో జానెడు! ఇంత గుడ్డ చక్రవర్తిగారి ఖజానాలోనైనా ఉందో లేదో చూడాలిరా!"

నవ్వు ఠక్కున ఆగిపోయింది. భోజనాల జట్టుకు పెద్ద అయిన ట్రిఫోన్ గడ్డం మీద చెయ్యి తీసి గబగబా శిలువ గుర్తు వేసుకొన్నాడు. ఫిరంగి దగ్గర పనిచేసే పాఖోమ్ ముందుకు వచ్చాడు. పాఖోమ్‌దీ ఫోకాదీ ఒకే ఊరు, ఒకే వీధి. బయలుదేరేనాడు ఫోకా తల్లి పాఖోమ్ చెయ్యి పట్టుకొని కొడుకును అప్పగించింది.

"బతికున్నోణ్ణి ఎదురుగా నిలబెట్టి కొలత పైకి అంటావేంట్రా? నోరు కడుక్కో!" అన్నాడు పాఖోమ్.

"కొలత అనకపోతే గుడ్డ ఎలా కోస్తారు? మా అమ్మ రోజూ అరిచేది. మా ఊళ్ళో ఒక్కడూ చావలేదే!"

"మీ ఊళ్ళో చేపల్ని కొలుస్తారేమో. మా ఊళ్ళో పెట్టె చేసే వడ్రంగి అంటాడు అలాగ. అదీ మనిషి పోయాక."

ఫోకా మాత్రం నవ్వుతూనే, "పోనిద్దురూ, నా జోలె నాకు కావాలి. రాత్రికి ఎవడి మీద పడమంటారు?" అని సర్దేశాడు.

అవెర్కీ ఎరుగని సంగతి అది. సముద్రపు ఒడ్డున పుట్టినవాడికి కొలత అంటే తెరచాపది. అడవుల నడుమ పల్లెలలో పుట్టినవారికి, పైకి అన్న కొలత అంటే శవపేటికది. అక్కడ బతికున్నవాడికి చొక్కా కుట్టాలన్నా దారానికి ముడులు వేసుకొంటారే తప్ప అంకె నోట అనరు. ఆ ఓడలో నూటికి తొంభైమంది అడవిపల్లెలవాళ్ళే. ఇంతకాలం బస్తాలనూ పందిరిగుడ్డలనూ కొలిచాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. శవాల దగ్గర కొలిచాడు. అది సరైన చోటే. మనిషిని నిలబెట్టి కొలవడం అదే మొదలు.

గుడ్డ కోసిన మూడోనాటికి ఫోకా బొగ్గు కొట్టులో ఊపిరాడక పడిపోయాడు. పైకి తెచ్చేసరికే ప్రాణం లేదు.

కళాసీల మీద అజమాయిషీ చేసే సరంగు అవెర్కీ దగ్గరకు వచ్చి, "కోసిన గుడ్డ ఉందిగా. దాంతోనే కానియ్యి, ఇంకో థాను పాడుచేయకు," అన్నాడు. అవెర్కీ జోలెకని కోసిన గుడ్డనే తీసి పరిచాడు. ఆ గుడ్డ సరిగ్గా సరిపోయింది. ఒక్క వేలెడు ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. కుడుతున్నంతసేపూ పాఖోమ్ ఎదుట నిలబడి చూశాడు.

ఆ మధ్యాహ్నం అవెర్కీ ఎప్పటిలాగే చెంచా పట్టుకొని భోజనానికి పోయాడు. జట్టుకంతా ఒకటే గంగాళం. చుట్టూ నిలబడి అందరూ అందులోనే ముంచుకొని తినాలి. భుజాలు భుజాలను తాకుతూ వలయం కట్టి ఉన్నాయి. అవెర్కీ వెనుక నిలబడ్డాడు. ఒక భుజమైనా పక్కకు జరగలేదు. ఎవరూ తోయలేదు, తిట్టలేదు, జరగలేదు, అంతే. ట్రిఫోన్ చెడ్డవాడు కాడు. గంగాళం మూతను తిరగేసి, అందులో కాస్త క్యాబేజీ పులుసు పోసి, వలయం మీదుగా అందించాడు.

"ఇదిగో నీ వాటా. ఇక్కడ ఉక్కగా ఉంది, గాలి తగిలేచోట కూర్చుని తిను, బాబూ."

అంతవరకు 'ఏరా' అన్నవాడు 'బాబూ' అన్నాడు. అవెర్కీ మూత అందుకొని పక్కకు పోయాడు.

ఆనాటినుంచి అతని భోజనం మూతలోనే. బొగ్గు బస్తాల గుట్టకు ఆనుకొని, నీళ్ళవైపు తిరిగి తినేవాడు. రేవులో స్థానికులు చిన్న పడవలలో అరటిగెలలు, అనాసపళ్ళు తెచ్చి అమ్మేవారు; కళాసీలు కోతులనూ చిలుకలనూ కొని ఓడమీద పెంచేవారు. అందరి దగ్గరా ఏదో ఒక జీవి ఉండేది. అవెర్కీ కూడా ఒక చిలుకను కొన్నాడు. తనతో ఎవరూ మాట్లాడడం లేదు గనుక దానికి మాటలు నేర్పాలనుకొన్నాడు. తీరా చూస్తే, నేర్పడానికి తనకే మాటలు మిగలలేదు. నాలుగు రోజులు చూసి దానిని వదిలేశాడు.

ఇంకొక కష్టం వచ్చిపడింది. కొలతను పైకి అనడం మానుకొన్నాడు. మనసులో లెక్కపెట్టబోతే, తల్లి చెప్పినట్లే జారిపోయేది. బస్తాలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి రాసాగాయి.

"ఇది సంచా, ఎలుగుబంటికి టోపీయా? నీ చేతికి ఏమైందిరా?" అని సరంగు అరిచాడు.

"చేతికేం కాలేదు, సరంగుగారూ," అన్నాడు అవెర్కీ.

తిరిగి ఆ గంగాళం దగ్గర తనకొక చోటు కావాలి. అతని కోరిక అంతకు మించి లేదు. ఇంటికి పోవడం తన చేతిలో లేదు, గెలవడం ఎవరి చేతిలోనూ ఉన్నట్లు తోచడం లేదు. కాని పదిమంది నడుమ నిలబడి ఒకే పులుసు తినడం మనుషుల చేతిలోని పని. అది దొరకకుండా యుద్ధానికి పోయి చావవలసి వస్తుందేమో అన్నదే అతని భయం.

ఆ ఆశకు ఒక రోజు దొరికింది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలు మొదలయ్యేముందటి ఆదివారం, వారి మతంలో మన్నింపు ఆదివారం. ఆనాడు చిన్నా పెద్దా ప్రతివారూ ఒకరి ముందొకరు వంగి, "నన్ను మన్నించు" అనాలి. ఎదుటివారు, "దేవుడు మన్నిస్తాడు, నేనూ మన్నిస్తున్నాను" అనాలి. ప్రార్థన ముగిశాక పాదిరిగారు కళాసీలందరి ఎదుట మోకాళ్ళూని మన్నింపు వేడుకొన్నారు. కెప్టెను దొర టోపీ తీసి తల వంచాడు. తరువాత డెక్కు మీద ఒకరినొకరు వెదుక్కొన్నారు.

అవెర్కీ ఒక్కొక్కరి ముందూ నేలకు చెయ్యి తాకించి వంగాడు.

"నన్ను మన్నించు, ట్రిఫోన్ తాతా."

"దేవుడు మన్నిస్తాడు," అని ట్రిఫోన్ గబుక్కున మరొకరివైపు తిరిగాడు.

"నన్ను మన్నించు, తమ్ముడూ."

"దేవుడు మన్నిస్తాడు."

ప్రతివాడూ అంతే అన్నాడు. 'నేనూ' అన్న మాట దగ్గర అందరూ ఆగిపోయారు. వాక్యంలో సగం దేవుడి మీద వేసి, తమ సగాన్ని ఎవరికి వారు దాచుకొన్నారు. చదువు లేని అవెర్కీకి వ్యాకరణం తెలియదు గాని, చెవికి అందవలసిన మాట అందలేదని తెలిసింది.

చివరకు పాఖోమ్ దగ్గరకు పోయాడు. పాఖోమ్ ఓడ అంచు కమ్మీలకు చేతులానించి నీటివైపు చూస్తున్నాడు.

"పాఖోమ్, నన్ను మన్నించు."

"నన్నడక్కు."

"ఇవాళైనా..."

"ఫోకాని అడుగు," అని పాఖోమ్ తల తిప్పకుండానే అన్నాడు. "వాళ్ళమ్మకి నేనేం చెప్పను? గుడ్డ ముందే కోసిపెట్టారమ్మా, వృథా కాకూడదని నీ కొడుకు పోయాడు అని చెప్పనా?"

పాఖోమ్ కమ్మీలు వదిలి వెళ్ళిపోయాడు. ముందుకే పోవాలని పైనుంచి ఆజ్ఞ వచ్చింది; ఆ వారంలోనే లంగరులు లేచాయి.

తరువాత దాటిన హిందూ మహాసముద్రం గురించి అవెర్కీకి చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. నీళ్ళు, బస్తాలు, మళ్ళీ నీళ్ళు. నడిసముద్రంలోనే ఓడలను ఆపి, పడవల మీద బొగ్గు చేరవేశారు; బస్తాలు ఇంకా ఎక్కువగా చిరిగాయి. ఈస్టరు పండుగ తూర్పున అన్నాము అనే దేశపు తీరంలోని ఒక అఖాతంలో వచ్చింది. ఆ పండుగనాడు ఎదురైనవారినల్లా మూడుసార్లు ముద్దు పెట్టుకోవాలి. ట్రిఫోన్ తప్పించుకోలేక మూడుసార్లూ పెట్టాడు. మూడోది బుగ్గకు తగలక చెవికి తగిలింది. భోజనం వేళకు మాత్రం మూత సిద్ధంగానే ఉంది. పాఖోమ్ ఆనాడు ఫిరంగి గదిలోనుంచి బయటికి రాలేదు.

జపాను జలసంధి దగ్గరపడింది. మరునాడే పోరు తప్పదని అందరికీ తెలిసిపోయిన రోజు వచ్చింది. పోరుకు ముందు ఒళ్ళు కడుక్కొని, ఉతికిన చొక్కా తొడుక్కోవడం వాళ్ళ ఆచారం. దేవుడి ఎదుటికి మాసిన బట్టతో పోకూడదంటారు. ఉదయంనుంచి డెక్కు మీద తెల్లచొక్కాలు ఎక్కువయ్యాయి. వెక్కిరింతలు తక్కువయ్యాయి.

అవెర్కీ బస్తాల దగ్గర కూర్చుని ఉండగా అతని మీద నీడ పడింది. తల ఎత్తితే పాఖోమ్. కుడిచేతికి గుడ్డకట్టు ఉంది. ముందురోజు గుండ్లు ఎత్తుతుండగా వేళ్ళు నలిగాయి. తెల్లచొక్కా తొడుక్కొన్నాడు గాని, భుజం దగ్గర కుట్టు చంకవరకు విడిపోయింది.

"ఈ చేత్తో నేను సూది పట్టలేను," అన్నాడు పాఖోమ్. "మిగతావాళ్ళంతా ఫిరంగుల దగ్గరున్నారు. లేకపోతే నీ దగ్గరికి వచ్చేవాణ్ణి కాదు."

"విప్పి ఇయ్యి. కుట్టి ఇస్తా."

"ఈ కట్టు లోంచి దూర్చేసరికే అరగంట పట్టింది. మళ్ళీ విప్పలేను. ఒంటిమీదే కుట్టు."

అవెర్కీ చేతులు ఆగిపోయాయి. ఒంటిమీద గుడ్డ కుట్టడం అతను రోజూ చేస్తున్నాడు. ఎవరి ఒంటిమీదనో పాఖోమ్‌కు తెలుసు.

"భయం లేదా?" అన్నాడు అవెర్కీ.

"ఉంది. దారం ముక్క ఇయ్యి."

బతికున్నవాడి ఒంటిమీద కుట్టవలసివస్తే, వాడి పళ్ళ నడుమ ఒక దారం ముక్క పెట్టాలి. కుట్టు అయ్యేవరకు వాడు దానిని పట్టుకొని ఉంటే, వీడు బతికున్నవాడని సూదికి తెలుస్తుందట. ఈ ఒక్క ఆచారం మాత్రం సముద్రపు ఒడ్డునా ఉంది, అడవిపల్లెలలోనూ ఉంది. అవెర్కీ మైనం పట్టించిన దారం తుంచి ఇచ్చాడు. పాఖోమ్ దానిని పళ్ళతో కరిచి, భుజం అప్పగించి, నీళ్ళవైపు చూస్తూ నిలబడ్డాడు.

అవెర్కీ దబ్బనాన్ని పక్కకు పెట్టి, గోతాము మడతలో దాచుకొన్న సన్నసూదిని తీశాడు. వేలు చర్మానికీ గుడ్డకూ నడుమ ఉంచి, చిన్నచిన్న కుట్లు వేయసాగాడు. తన వేలికి పాఖోమ్ ఒంటి వెచ్చదనం తగులుతోంది. ఫోకా పోయిన తరువాత అతను వెచ్చగా ఉన్న మనిషిని తాకడం ఈస్టరునాడు తప్ప ఇదే.

"నేను జోలెకే కోశాను, పాఖోమ్," అన్నాడు. ఎన్నాళ్ళనుంచో మాటలు లేని గొంతు బొంగురుపోయింది. "వాడు హాయిగా పడుకోవాలనే కోశాను. మా ఊళ్ళో అలాగే అంటారు, పైకి. అనకూడదని నాకు తెలీదు. తెలిస్తే నాలుక కోసుకునేవాణ్ణి."

పాఖోమ్ పలకలేదు. పలకడానికి వీల్లేదు; నోరు తెరిస్తే దారం జారిపోతుంది. అవెర్కీకి కనిపిస్తున్నది అతని దవడ మాత్రమే. అది బిగిసింది, సడలింది, మళ్ళీ బిగిసింది. దారం మాత్రం జారలేదు.

కుట్టు ముగిసింది. అవెర్కీ ముడి వేసి, సూదిని తీసేశాడు. పాఖోమ్ దారాన్ని నోటిలోంచి తీసి, మొహం చిట్లించి, నీళ్ళలోకి ఉమ్మాడు.

"థూ! మైనమా ఇది, మీ తాతగారి బూటు జిడ్డా?"

పాఖోమ్ భుజం ఎగరేసి కుట్టు గట్టిదనం చూసుకొన్నాడు. అప్పుడే భోజనానికి ఈల మోగింది. పాఖోమ్ రెండడుగులు వేసి ఆగాడు.

"ఏం, నిన్ను పల్లకీలో తీసుకుపోవాలా? రా. పులుసు చల్లారిపోతుంది."

గంగాళం చుట్టూ వలయం అప్పటికే కట్టి ఉంది. పాఖోమ్ తన చోటులోకి దూరి, నలిగిన చేతిని ఎత్తి పట్టుకొని, మోచేతితో పక్కవాణ్ణి నెట్టాడు. అక్కడ ఒక మనిషి పట్టేంత సందు ఏర్పడింది. ట్రిఫోన్ చేతిలో మూత ఉంది. అతను పాఖోమ్‌ను చూశాడు, పాఖోమ్ భుజంమీది కొత్త కుట్టును చూశాడు, ఏమీ అడగకుండా మూతను కింద పెట్టేశాడు. అవెర్కీ ఆ సందులో నిలబడ్డాడు. చెంచా ముంచాడు. ఒక మాంసం ముక్క పైకి వచ్చింది, నోట పెట్టుకోబోయాడు.

టంగుమని నుదుటిమీద దెబ్బ పడింది. ట్రిఫోన్ చెంచా అది. ముందు పులుసు తినాలి. పెద్ద తన చెంచాతో గంగాళం అంచు మీద కొట్టేవరకు మాంసం ముట్టకూడదు. మూతలో తిని తిని అవెర్కీ ఆ క్రమం మరచిపోయాడు.

"ఏరా, దొరబిడ్డా! అప్పుడే మాంసమా? ఇక్కడ మేమంతా నీ పెళ్ళికొచ్చామనుకున్నావా?" అని ట్రిఫోన్ గర్జించాడు.

"ఇంకోటెయ్యి తాతా, వాడికి రావలసిన పాత దెబ్బలు చాలా ఉన్నాయి!" అన్నారెవరో.

నవ్వు లేచింది. ఆ ఉదయంనుంచి ఆ ఓడమీద వినబడ్డ మొదటి నవ్వు అది. అవెర్కీ నుదురు రుద్దుకొంటూ తానూ నవ్వాడు. ముక్కను తిరిగి పులుసులో వదిలాడు. ఆ వలయంలో నిలబడ్డవారిలో మరునాటి సూర్యాస్తమయాన్ని చూసినవారు ఇద్దరే. అవెర్కీ వారిలో ఒకడు, పాఖోమ్ కాడు. కాని ఆ మధ్యాహ్నం అది ఎవరికీ తెలియదు. పులుసు వేడిగా ఉంది, ఉప్పు ఎక్కువైంది, వంటవాణ్ణి అందరూ కలిసి తిట్టారు.

తినడం పూర్తికాకముందే, మరునాటి పోరుకు ఫిరంగులు సిద్ధం చేయాలని నగారా మోగింది. అందరూ చెంచాలు బూటుల్లో దోపుకొని ఫిరంగులవైపు కదిలారు. ట్రిఫోన్ పోతూ పోతూ వెనక్కు తిరిగి, "ఆలస్యంగా వచ్చినోడే కడగాలి. మసి కనబడిందో, తోలు తీస్తా!" అన్నాడు.

డెక్కు మీద అవెర్కీ ఒక్కడే మిగిలాడు. చేతినిండా బూడిద తీసుకొని, గంగాళం అడుగునుంచి మొదలుపెట్టి, నింపాదిగా తోమసాగాడు.